సమస్య: "గజ్జె లేని కాలు ఘల్లుమనెను"

నిర్వాహకుడు: పెద్దయ్యాక నాట్యం మొదలుపెట్టినవారి జంకు మీద పూరించండి. గంగిరెద్దును తోలుకురావద్దు, లంకగన్నేరు గారూ.

లంకగన్నేరు:
నలుబదేళ్ళ నేర్ప నవ్వుదు రనియెంచి
నక్కి నక్కి మూల నడుగు వేసి
మడమ తేలకుండ మట్టముగా దట్ట
గజ్జె లేని కాలు ఘల్లుమనెను

గోదారిగట్టు: మూడోపాదం తెలిసి రాశారు. మడమ తేలిపోతే మునివేళ్లు ముందు తగిలి చప్పుడు రెండుగా చీలుతుంది. అరికాలంతా ఒక్కసారి పడితే ఒక్కటే మోత. కానీ రెండోపాదం చూడండి. 'మూలన్ + అడుగు'. యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోట, ఉన్నది అకారం, దానికి నకారంతో మైత్రి ఎక్కడిది? 'మూలలోన నక్కి మోపి యడుగు' అంటే సరిపోతుంది.

లంకగన్నేరు: దిద్దుకున్నానండి. మరి మీ పూరణ?

గోదారిగట్టు:
పళ్లె మంచు పైన పాదాల నిలబడి
భయము వీడి కదిలె భామ యొకతె
కంచు నేల రాసి గణగణ మోగగా
గజ్జె లేని కాలు ఘల్లుమనెను

లంకగన్నేరు: యతులు నిక్కంగా ఉన్నాయి, వస్తువే తప్పింది. కూచిపూడి పళ్లెం ఇత్తడిది. కంచు పెళుసు, మనిషి బరువుతో నేలకు రాసుకుంటే పగులుతుంది. పైగా పళ్లెం తరంగమనే అంశానిది. అడుగులు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, కుదిరి, అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకుని నిలిచాక వచ్చేది. జంకుతున్న మనిషిని ముందే అంచు మీద నిలబెడితే జంకు పోదు, చీలమండ పోతుంది. పోయిన నెల పూరణలో పులసను వైశాఖంలో ఎదురెక్కించిందీ మీరే. వరద నీరు రాకుండా గోదాట్లో పులస ఎక్కడిదండి?

గోదారిగట్టు: పులస సంగతి అప్పుడే ఒప్పుకున్నాను. 'ఇత్తడి' ఆ గణంలో ఇమడదు. పాదమంతా మార్చి రాస్తాను.

కొబ్బరాకు:
అద్ద మేల చూడ నడుగుతో పాటుగా
కరము వణకెనేని గాజు చెప్పు
గాజె తప్పు పట్టె, గట్టిగా దట్టగా
గజ్జె లేని కాలు, ఘల్లుమనెను

కొత్తలో గజ్జెలు కట్టకపోవడమే మేలు, ఆ మోతలో అడుగు తప్పు దాక్కుంటుంది. రెండు గాజులు మాత్రం ఉంచుకోవాలి. మోచెయ్యి భుజమెత్తున కదలకుండా ఉంటే గాజు పలకదు.

లంకగన్నేరు: ఘల్లుమన్నది కాలు కాదు, గాజు! ఒక్క విరామంతో సమస్య విడిపోయింది.

గోదారిగట్టు: 'చూడన్ + అడుగు', అకారానికి అకారం. లంకగన్నేరు గారు చూసి నేర్చుకోవాలి. అయితే 'గట్టిగా' కన్నా 'గతి తప్పి తట్టగా' మేలు కదా?

కొబ్బరాకు: మార్చనండి. జంకేవాళ్లు తాళం లెక్క తప్పరు. లెక్క నోట్లో అనుకుంటూనే ఒళ్లు బిగబడతారు, భుజాలు చెవులదాకా లేస్తాయి, ఆ బిగువంతా కాలిమీద పడుతుంది. గాజు మోగేది అందుకే. టైల్స్ నేల మీద అలాగే కొడుతూ పోతే మోకాలి కింద ముందెముక సలుపుతుంది. విలంబంలో, అంటే నెమ్మది నడకలో, చప్పుడు తమకు మాత్రమే వినబడేంతగా తట్టడం మొదలుపెడితే భుజాలు వాటంతటవే దిగుతాయి.

గోదారిగట్టు: 'గట్టిగా' ఉండనివ్వండి. నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు: గాజుకే నా ఓటు. మోకాళ్లు ఒప్పుకోనివారికి మన బల్లిపాడు దారి ఉంది. ఆ ఊరి నర్తకి సరిదె మాణిక్యమ్మ గారు అధ్యాత్మరామాయణ కీర్తనలకు పట్టిన అభినయాన్ని తలుచుకోండి. ఒకప్పుడు గుడుల్లో ఆడిన కలావంతుల సంప్రదాయంలో పదం, అంటే శృంగార కీర్తన, కూర్చుని పడతారు, అక్కడ పని కళ్లది, చేతులది. పైవారం సమస్య అదే:

కూరుచున్న చోటె కోట దాటె