సుంకి ఘాట్‌లో కారు కుదుపులు: ఫ్యూయల్ పంపు మార్చేయాలా?

సెమిలిగుడ నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది 2015 మోడల్ పెట్రోల్ కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజులుగా ఎక్సలేటర్ తొక్కితే కుదుపులు. ఊళ్ళో తిరిగినంతసేపూ ఏమీ ఉండదు. సాలూరులో కొట్టుకి సరుకు వేసుకుని సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, మూడో గేరులో వెనక నుంచి ఎవరో తన్నుతున్నట్టు ఉంటోంది. రెండో గేరుకి దించితే కాస్త నయం. ఇక్కడి మిస్త్రీ ట్యాంకులోంచి ఇంజిన్‌కి పెట్రోల్ తోసే పంపు పోయిందన్నాడు, ఆరు వేలు అడుగుతున్నాడు. మార్పించేయనా? మా ఆవిడైతే బస్సులోనే వస్తానంటోంది.

పర్లాకిమిడి నుంచి:
పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్ వల్లే గురూ. ట్యాంకు ఖాళీ చేసి వేరే బంకులో కొట్టించు, సర్దుకుంటుంది.

సెమిలిగుడ:
రెండు బంకులు మార్చాను అన్నా. అదే వరస.

జయపురం నుంచి (గ్యారేజీ పని నాది):
ఆరు వేలు అప్పుడే ఇవ్వకండి. ఈ మధ్య బండి దగ్గినా తుమ్మినా ఇథనాల్ మీదికే తోసేస్తున్నారు. పెట్రోల్‌లో నీళ్ళు చేరితే ఊళ్ళో కూడా ఇబ్బంది పెడుతుంది, ఘాట్ కోసం ఆగదు. మూడు సంగతులు చెప్పండి. కుదుపు తన్నినట్టు ఠక్ ఠక్‌మని వస్తోందా, లేక ఊపిరాడనట్టు మెల్లగా పడిపోతోందా? ఆర్‌పీఎం ముల్లు పైకి లేచినా స్పీడు పెరగడం లేదా? ఇంజిన్ లైటు వెలుగుతోందా?

సెమిలిగుడ:
ఠక్ ఠక్‌మనే గురువుగారూ. ముల్లు, స్పీడు కలిసే పెరుగుతాయి. లైటు ఘాట్‌లో నాలుగైదు సార్లు మిణుకుమంది, పైకొచ్చాక ఆగింది. పట్టించుకోలేదు.

జయపురం:
పట్టించుకోవాల్సింది అదే. మిణుకుమంటే మిస్‌ఫైర్ అన్నమాట, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోవడం లేదు, మా భాషలో మిస్సింగ్. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి దాన్ని మాడ్చేస్తుంది. దాని ఖరీదు ముందు మీ పంపు ఎంత! లైటు మిణుకుమంటే వెంటనే ఎక్సలేటర్ తగ్గించండి.

పంపుగానీ ఫిల్టర్‌గానీ అయితే బండి ముక్కుతూ బలం తగ్గిపోతుంది. క్లచ్ అరిగితే ముల్లు ఒక్కటే లేస్తుంది. మీది రెండూ కాదు, నా అనుమానం ప్లగ్‌కి నిప్పురవ్వ కోసం కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ మీద. లోడు మీద ఎక్సలేటర్ తొక్కితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ చేరి ప్రెషర్ పెరుగుతుంది. అంత ప్రెషర్‌లో ప్లగ్ దగ్గర నిప్పురవ్వ దూకాలంటే వోల్టేజ్ ఎక్కువ కావాలి. బలహీనపడ్డ కాయిల్ చదును రోడ్డు మీద నెట్టుకొస్తుంది, ఘాట్‌లో చేతులెత్తేస్తుంది. రెండో గేరులో ఒక్కో సిలిండర్ మీద భారం తగ్గుతుంది, అందుకే మీకు నయంగా ఉంది.

స్కానర్ పెట్టించి కోడ్ నంబర్ రాసి పెట్టండి. చెరిపేయనివ్వకండి.

సెమిలిగుడ (రెండు రోజుల తర్వాత):
పి0302 వచ్చింది.

జయపురం:
అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. ఇప్పుడే కాయిల్ కొనకండి. మీ ఇంజిన్‌కి ప్లగ్‌కో కాయిల్ ఉంటే రెండోదీ మూడోదీ అటూ ఇటూ మార్చండి. ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ తీసి, కనెక్టర్ లాక్ నొక్కి, బోల్టు విప్పి, కాయిల్‌ని కొద్దిగా తిప్పుతూ పైకి లాగాలి. వైరు పట్టి లాగకండి, లాక్ విరిగితే అదో ఖర్చు. కోడ్ చెరిపి మళ్ళీ ఘాట్ ఎక్కండి. పి0303, అంటే మూడో సిలిండర్ కోడ్ వస్తే దోషం కాయిల్‌ది. 0302నే వస్తే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూడాలి.

సెమిలిగుడ:
పి0303! కాయిల్‌తోపాటే మారింది. మొదట తీసినప్పుడు రెండో ప్లగ్ కూర్చునే గుంతలో నూనె ఉంది, కాయిల్ కింది రబ్బరు జిడ్డుగా ఉబ్బింది. రబ్బరు లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కూడా ఉంది. ఫొటో పెట్టాను. కాయిల్ ఒక్కటి మారిస్తే చాలా?

జయపురం:
మంచి పని చేశారు, ఫొటో పెట్టి. కరెంటు ప్లగ్ కొసకి పోకుండా ఆ గీత వెంబడి దొంగదారి పట్టింది. ఆ నూనె ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, దాని ప్యాకింగ్ నుంచి కారుతున్నది. దాన్ని వదిలేసి కొత్త కాయిల్ పెడితే ఆ రబ్బరూ ఉబ్బిపోతుంది. ప్యాకింగ్ సెట్టు, నాలుగు ప్లగ్‌లు, ఒక కాయిల్, అన్నీ కలిపి వేయించండి. గుంత తుడవకుండా ప్లగ్ విప్పనివ్వకండి, మురికి సిలిండర్‌లో పడుతుంది. కొత్త ప్లగ్ ముందు చేత్తో తిప్పే ఎక్కించాలి, మొదట్లోనే రెంచి పెడితే మర పోతుంది.

సెమిలిగుడ (వారం తర్వాత):
సాలూరులోనే చేయించాను, లారీల ఊరు కదా, ప్యాకింగ్ పని వాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. నిన్న నాలుగు బియ్యం బస్తాలతో మూడో గేరులోనే సుంకి ఎక్కాను, ఒక్క కుదుపు లేదు. ఆవిడ మలుపుల్లో కూడా నిద్రపోయింది. పాత ప్లగ్‌లలో రెండోది మాత్రం నల్లగా ఉంది, మిగతావి లేత గోధుమ రంగు. ఫర్వాలేదా?

జయపురం:
నిప్పు అందని ప్లగ్ అలాగే నల్లబడుతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి కాయిల్ ఎత్తి గుంత పొడిగా ఉందో లేదో చూసుకోండి.