అయిదేళ్ల పిల్లలు ముడి గట్టిగా బిగించేదెలా? (టై-డై చొక్కాలు)

పర్లాకిమిడిలో 5–6 ఏళ్ల పిల్లలు 12 మందితో తెల్ల కాటన్ టీషర్టులకు అక్కడక్కడ గుడ్డను కుచ్చుగా పట్టి కట్లు కట్టించి, పసుపు రంగు వేయిస్తున్నాం. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదని వాళ్లంతట వాళ్లే కనిపెట్టాలి. ఒడిశా సంబల్‌పురి చీరకు నేతకు ముందే నూలుకు కట్లు కట్టేది అందుకే కదా.

లీటరు నీళ్లలో 2 చెంచాల పసుపు 20 నిమిషాలు మరిగించి చల్లారుస్తున్నాం. పటిక నీళ్లలో నానబెట్టి పిండిన చొక్కాను అందులో అరగంట ముంచుతున్నాం. రంగు బాగానే పడుతోంది, తెల్ల వలయమే రావట్లేదు. పెద్దలు కట్టినచోట స్పష్టంగా వస్తోంది, అంటే లోపం బిగింపులోనే. రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పేసరికి పిల్లల వేళ్లు జారి మూడో చుట్టు వదులైపోతోంది. ఆ సందులోంచి రంగు పాకి వలయం లేత పసుపుగా మిగులుతోంది.

లోపల చింతగింజ పెట్టి కట్టించాం, గింజ జారిపోయింది. నూలు దారంతో వాళ్లకు ముడే పడలేదు. బట్టల క్లిప్పులు నిలిచాయి గానీ గీతలే వచ్చాయి, వలయాలు కావు. మేం బిగిస్తే బొమ్మ అందంగా వస్తుంది, కానీ విప్పాక "నేను కట్టిన చోటే తెల్లగా ఉంది" అని పిల్లలు అనలేరు. మాకు కావలసింది ఆ మాటే.

పెద్దల చెయ్యి పడకుండా, అయిదేళ్ల పిల్లలు గుండ్రటి కట్టును దేనితో, ఎలా గట్టిగా బిగించగలరు?