అప్‌డేట్: ఇంజిన్ మౌంట్లు ఇంట్లోనే మార్చేశాను

మా 2009 మోడల్ పెట్రోల్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, గేర్ రాడ్ వణుకుతున్నాయని, క్లచ్ వదలగానే ‘టక్’మంటోందని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. కారణం మౌంట్లే, అంటే ఇంజిన్‌ను కారు బాడీకి పట్టి ఉంచే రబ్బరు, ఇనుము దిమ్మలు. విప్పి చూస్తే ఒకదాని రబ్బరు ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయి, వేలు దూరేంత సందు!

ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెక్క పలక పెట్టి, జాకీతో ఇంజిన్ బరువు ఆపి, ఒక్కోటే మార్చాను. విప్పడం పావుగంట. కొత్తదాని బోల్టు రంధ్రం కలవక గంటన్నర పోయింది. జాకీని కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటే చివరికి కూర్చుంది. బోల్టులన్నీ చేత్తో పట్టించి, జాకీ వదులు చేసి, ఇంజిన్ సర్దుకున్నాకే గట్టిగా బిగించాను. లేకపోతే రబ్బరు మెలిపడుతుంది.

‘టక్’ పోయింది. ఏసీ వేస్తే మాత్రం ఇంకా కొంచెం వణుకుతోంది. ఆదివారం త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) శుభ్రం చేసి చూస్తాను.