అటక మీద 31 పెట్టెలు: ఏది ఎందులో ఉందో తెలిసేది ఎలా?

అటకెక్కినవాడు:

కిందటి ఏడాది తెనాలిలో ఇల్లు ఖాళీ చేసి అమ్మను హైదరాబాదు తీసుకొచ్చాను. అమ్మతో పాటు 31 అట్టపెట్టెలు వచ్చాయి. కూకట్‌పల్లిలో మాది రెండు పడకగదుల ఫ్లాటు. వంటింటి పైన ఒక అటక, స్నానాల గది పైన ఇంకొకటి. వాటిలో పట్టనివి మంచాల కిందికి చేరాయి. సర్దిన రోజున శ్రద్ధగా ప్రతి పెట్టె మీదా మార్కరుతో రాశాను. ఏం రాశానో ఇప్పుడు చూస్తే నాకే నవ్వొస్తోంది. తొమ్మిదింటి మీద "వంట సామాను". ఆరింటి మీద "ఇతరములు". ఒకదాని మీద "చూడాలి".

సంక్రాంతికి బొమ్మల కొలువు పెడదామంది అమ్మ. కొండపల్లి బొమ్మలు ఎక్కడున్నాయని అడిగితే తడుముకోకుండా చెప్పింది: "మూలగదిలో నీలం ట్రంకుపెట్టె, అడుగున, పాత దుప్పటి కింద." మూలగది తెనాలిలోనే ఉండిపోయింది. నీలం ట్రంకుపెట్టెను పాత ఇనుము కొనే అతనికి తూకానికి వేసింది నేనే. అమ్మ చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, ఆ ఇల్లే ఇప్పుడు లేదు. స్టూలెక్కి నాలుగు పెట్టెలు దించేసరికి నాకు నడుము పట్టేసింది. కొలువు లేకుండానే పండగ వెళ్ళిపోయింది.

ఇక కుక్కరు గాస్కెటు సంగతి. ఇంట్లో ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. అలా ఇప్పటికి మూడుసార్లు కొన్నాను.

లాంగు నోటుబుక్కు పెట్టుకోవాలా, కంప్యూటర్లో పట్టిక వేసుకోవాలా, ఫోనులో ఫోటోలు తీసుకుంటే చాలా? ఇలాంటి పని చేసి, ఏడాది తర్వాత కూడా ఆ పద్ధతినే పాటిస్తున్నవాళ్ళు చెబితే బాగుంటుంది. మొదలుపెట్టి వదిలేసినవాళ్ళ అనుభవమైనా సరే.

పుణె తెలుగమ్మాయి:

ప్రతి పెట్టెకూ ఒక క్యూఆర్ కోడ్ అంటించండి. ఫోను చూపిస్తే లోపల ఏమున్నాయో జాబితా తెరుచుకుంటుంది. 1994లో జపానులో ఈ కోడ్ పుట్టిందే కార్ల విడిభాగాల లెక్క కోసం. గాస్కెట్లకు పనికిరాదా? జాబితా గూగుల్ షీట్‌లో ఉంటే మీరు ఆఫీసులో ఉన్నా ఇంట్లోవాళ్ళు వెతుక్కోవచ్చు. నేను రెండేళ్ళుగా ఇలాగే చేస్తున్నాను.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చిన్న లేబుల్ ప్రింటరుతో తీసిన చీటీలు వాడకండి. అది వేడికి నల్లబడే కాగితం, బిల్లుల కాగితం లాంటిది. మొదటి ఎండాకాలం గడిచాక మా అటక మీద చీటీల్లో సగం వెలిసిపోయాయి. మామూలు కాగితం మీద ముద్రించి, పైన వెడల్పాటి టేపు వేయండి.

అటకెక్కినవాడు:

ఆలోచన బాగుందండీ. కానీ అమ్మకు 76 ఏళ్ళు, ఫోనంటే ఆమెకు మా చెల్లెలితో మాట్లాడే పెట్టె. పగలు ఇంట్లో ఉండేది ఆమే. వస్తువు అడిగేదీ ఆమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిన్న సరదాగా పది వస్తువులు షీటులో ఎక్కించాను. "జాడీ" అని రాసి "జాడి" అని వెతికితే దొరకలేదు. నేను "గంగాళం" అన్నదాన్ని మా ఆవిడ "కాగు" అంటుంది, వాళ్ళది కరీంనగర్ వైపు. అమ్మ దగ్గర ఈ రెండు పేర్లూ పనిచేయవు. ఆమెకు అది "మీ మేనత్త పెళ్ళినాటిది".

పాత గ్రంథపాలకురాలు:

బాబూ, ముప్పై ఏళ్ళు పుస్తకాలకు అంకెలు వేసినదాన్ని, నా మాట కూడా వినండి.

మీరు పెట్టె మీద పేర్లు రాశారు, అదే తప్పు. లోపలి సరుకు మారుతుంది, పేరు అబద్ధమవుతుంది. పెట్టె మీద అంకె ఒక్కటే ఉండాలి. కొత్త పుస్తకం రాగానే మేము రిజిస్టరులో ఒక నంబరు వేసేవాళ్ళం. ఆ పుస్తకం పోయినా, చిరిగినా ఆ నంబరు ఇంకో పుస్తకానికి ఇచ్చేవాళ్ళం కాదు. మీరూ అంతే. 12వ పెట్టె ఖాళీ అయితే 12 అక్కడితో సరి, కొత్త పెట్టెకు 32. పెట్టె ఎక్కడుందన్నది పుస్తకంలో పెన్సిలుతో రాయండి, చోటు మారుతుంది కాబట్టి. అంకెను రెండు పక్కల మీద వేయండి. మూత మీద వేస్తే పైన ఇంకో పెట్టె ఎక్కాక కనిపించదు.

మీ అమ్మగారు అనే పేరుకు విడిగా ఒక గడి గీయండి. "మేనత్త పెళ్ళినాటిది" అని యథాతథంగా రాయండి. ఇంట్లో అడిగేవాళ్ళు ఆ పేరుతోనే అడుగుతారు కదా.

అన్నిటికంటే ముఖ్యం, దించిన వస్తువు లెక్క. జాబితా రాయడం ఒక ఆదివారం పని, ఎవరైనా రాస్తారు. దించినది తిరిగి వేరే పెట్టెలో పెట్టేసి ఊరుకున్న రోజునే జాబితా చెడుతుంది. తీసుకున్న పుస్తకం స్థానంలో మేము అట్టముక్క నిలబెట్టేవాళ్ళం. మీరు పెట్టెలో ఒక చీటీ వేయండి: ఏం తీశారు, ఏ తేదీన.

బొమ్మలు దొరికాక ఇది గుర్తుంచుకోండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు, చాలా తేలిక. చేతులూ తొండాలూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. బరువు పడితే ముందు ఊడేవి అవే. ఆ పెట్టె ఎదుట పుస్తకంలో "పైన ఏమీ పెట్టరాదు" అని ఎర్ర సిరాతో రాయండి.

కొట్టు శెట్టి:

అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మాది కిరాణా కొట్టు, నేను చేర్చేది ఒక్కటే. పుస్తకం అటక దగ్గరే ఉండాలి. పెన్సిలుకు దారం కట్టి మేకుకు వేలాడదీయండి. లోపలి గదిలోకి వెళ్ళి రాయాల్సి వస్తే ఎవరూ రాయరు, మా కుర్రాళ్ళను చూసి చెబుతున్నాను.

అటకెక్కినవాడు:

రెండు ఆదివారాలు పట్టింది. పెట్టెలన్నీ దించి, ఒక్కొక్కదానిలోని సరుకును దుప్పటి మీద పరిచి, అంకె చీటీ పక్కన పెట్టి ఫోటో తీశాను. పుణె అమ్మాయి గారి మాట కొంతైనా నిలబెట్టాలి కదా. పుస్తకం మాత్రం వంటింటి అటక తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. నేను పేర్లు చదువుతుంటే, అమ్మ కుర్చీలో కూర్చుని ఏ గిన్నె ఎవరిదో చెప్పింది. ఆమె గడి ఒక్కటే మూడు పేజీలు దాటింది. "తూర్పు వీధి వాళ్ళు తిరిగివ్వని గిన్నెకు జత" అని కూడా ఒకటుంది, ఆ జత ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు.

బొమ్మలు 22వ పెట్టెలో దొరికాయి, "దిండ్లు" అని నా దస్తూరీతోనే రాసి ఉంది. మెత్తగా ఉంటుందని దిండు గలీబుల్లో చుట్టింది కూడా నేనేనట, మా ఆవిడ గుర్తుచేసింది. అంబారీ ఏనుగు తొండం ఊడింది, మిగతావన్నీ బాగున్నాయి.

గాస్కెట్లు నాలుగు దొరికాయి. అన్నీ మూడు లీటర్ల కుక్కరువి. ఆ కుక్కరును తెనాలిలో పనిమనిషికి ఇచ్చేసి వచ్చామట.