పరగడుపున పెరుగుతున్న షుగర్ గురించి సలహా కావాలి

మేము చెన్నైలోని పశ్చిమ మాంబళంలో ఉంటున్నాము. టైప్ 2 మధుమేహంతో ఇన్సులిన్ వాడుతున్న మా అమ్మగారికి, పడుకునే ముందు 130 దగ్గర ఉండే షుగర్, రాత్రంతా ఏమీ తినకపోయినా, పరగడుపున 170 దాటుతోంది. తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్ల ప్రభావంతో కాలేయం గ్లూకోజును విడుదల చేయడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అయితే రాత్రివేళ షుగర్ పడిపోయి మళ్ళీ పెరుగుతోందేమో తెలుసుకోవాలంటే 3 గంటల ప్రాంతంలో పరీక్షించాలి. సూదిపోట్లతో ఆవిడ వేలికొనలు ఇప్పటికే గట్టిపడ్డాయి. వేలి పక్కభాగంలో గుచ్చుతున్నా, నిద్రలేపి మళ్ళీ గుచ్చడానికి నాకు మనసొప్పడం లేదు. వేలికి గుచ్చకుండా రాత్రంతా షుగర్‌ను కొలిచే, జబ్బకు అతికించే సెన్సర్‌ను వాడినవారు, ఆ వైపు ఒత్తిగిలి పడుకున్నప్పుడు రీడింగు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తే దాన్ని ఎలా గుర్తుపట్టారో దయచేసి చెప్పగలరా? మోతాదు డాక్టరుగారే నిర్ణయిస్తారు, ఆయనకు సరైన లెక్కలు చూపించాలన్నదే నా ఆరాటం.