సబ్జంక్టివ్ ఎక్కడ వాడాలో మీరెలా పట్టుకున్నారు?

పానగల్లు పోరి: స్పానిష్ బీ1 (మధ్యస్థాయి) పరీక్షకు చదువుతున్నా. సబ్జంక్టివ్ (కోరిక, సందేహం, ఇంకా జరగని పని చెప్పేటప్పుడు వాడే క్రియారూపం) రూపాలు వచ్చేశాయి. అబ్లో (మాట్లాడతాను)లో చివరి ఓ తీసి ఎ పెడితే అబ్లె, కోమో (తింటాను) నుంచి కోమ, బీబో (జీవిస్తాను) నుంచి బీబ. ఆర్‌తో ముగిసే క్రియలకు ఎ వస్తుంది; ఎర్, ఇర్‌లతో ముగిసేవాటికి అ. మాట్లాడేటప్పుడే టెన్షన్. నిన్న క్లాసులో "కియేరో కె కోమెస్" అనేశా. "కోమస్" అని మేడం మూడుసార్లు దిద్దారు.

పాలమూరు అన్న: చెల్లె, పట్టిక పక్కన పెట్టు. కోరిక చెప్పేటప్పుడు, కోరేది ఒకరు, చేసేది ఇంకొకరు అయితేనే సబ్జంక్టివ్. నువ్వు తినాలని నా కోరిక: కియేరో కె కోమస్. నేనే తినాలనుకుంటే కియేరో కొమేర్, అక్కడ "కె" కూడా రాదు. తెలుగులో రెండుచోట్లా "తినాలని" అనే అంటాం. అందుకే ఆర్నెల్లపాటు నా గురించి చెప్పేటప్పుడు కూడా "కియేరో కె కోమ" అంటూ తిరిగా.

మిర్యాలగూడ రైలు: నాకు దెబ్బ పడింది "క్వాందో" దగ్గర. రోజూ బస్సెక్కినప్పుడు అంటే క్వాందో సూబో. ఇంకా ఎక్కలేదు, ఎక్కినప్పుడు ఫోన్ చెయ్ అంటే "క్వాందో సూబస్ అల్ ఆవ్తోబూస్, యామమె". మనకు రెండింటికీ "ఎక్కినప్పుడు" సరిపోతుంది. నార్కట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడల్లా ఇలాంటివి నాలుగైదు నోట్లోనే అనుకునేదాన్ని.

గడియారం సెంటర్: "ఒహలా"తో మొదలుపెట్టండి. దాని తర్వాత ఎప్పుడూ సబ్జంక్టివే, ఆలోచించే పని లేదు. అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి వెళ్లిన మాట అది, దేవుడు తలిస్తే అని దాని మూలం. ఇన్షా అల్లా వింటూ పెరిగిన మనకు ఇట్టే ఎక్కుతుంది. నాన్నకు జ్వరం వచ్చిన రాత్రి నోట్‌బుక్‌లో "ఒహలా బాహె లా ఫియెబ్రె" అని రాసుకున్నా, జ్వరం తగ్గాలి అని. బాహార్ రూపం ఇక మర్చిపోలేదు.

పాలమూరు అన్న: క్రేయో కె (అని అనుకుంటున్నా) తర్వాత మామూలు రూపమే. నో క్రేయో కె (అని అనుకోవట్లేదు) అంటేనే సబ్జంక్టివ్.

పానగల్లు పోరి: తినకు అనడానికి కూడా ఇదేనా?

పాలమూరు అన్న: అవును. తిను అంటే కోమె, తినకు అంటే నో కోమస్. పెద్దవాళ్లతో అయితే తినండికి కోమ, తినకండికి నో కోమ.

పానగల్లు పోరి: అయితే నానమ్మతో నేను రోజూ అనే మాటలన్నీ ఇవే. షుగర్ ఉంది, స్వీట్లు తినకండి అని. రేపు మేడం అడిగితే "నో కోమ దూల్సెస్" అంటా.