ఆటోమేటిక్ వాచీ ఉన్నట్టుండి పరిగెడుతోంది, అయస్కాంతం పట్టిందా?

నా దగ్గర ఆరు వాచీలున్నాయి, రోజుకొకటి పెట్టుకుంటాను. అందులో ఒక ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ ఎక్కేది) ఇన్నాళ్లూ రోజుకు 8 సెకన్లు ముందు నడిచేది. ఆ మాత్రం తేడా మామూలే కదా. ఈ వారం మాత్రం గంటకే 2 నిమిషాలు ముందుకు పోతోంది! కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. కాకపోతే రాత్రిళ్లు ట్యాబ్లెట్ కవర్ మీద పెడుతున్నాను (బద్ధకం!), దాని అంచులో అయస్కాంతం ఉంది. అయస్కాంతం పట్టి హెయిర్‌స్ప్రింగ్ (వాచీ వేగాన్ని అదుపు చేసే సన్నటి స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే ఇలాగే వేగం పెరుగుతుంది. దిక్సూచి పక్కన పెడితే ముల్లు కొద్దిగా ఊగింది, కానీ లోపలి స్టీలు భాగాలకే అలా ఊగిందేమో.

డీమాగ్నెటైజర్ (పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే పరికరం) కొని నేనే చేసుకోవచ్చా? వెనక మూత తీయాలా, మూసి ఉండగానే సరిపోతుందా? చేసినవాళ్లు చెప్పండి. నాన్న ఇచ్చిన వాచీ, అందుకే టెన్షన్.